భరణి వాన – కచేరీ పుస్తకం



ఏటా ఉగాది వెళ్లిన తరువాత మన సంఘం సమావేశం జరిగితే, డి.ఎ. బకాయిల సంగతి ముగియగానే ఒక మాట తప్పక వస్తుంది. "మన కాలంలో ఇంత ఎండలు లేవప్పా! భరణి కార్తెలో ఒక్క వానైనా కురిసేది." నేనూ ఆ మాట అన్నవాడినే. అయితే ఉద్యోగ జీవితంలో చాలా ఏళ్లు వాన లెక్క రాసిన గుమాస్తాను కనుక, మన జ్ఞాపకం ఎంతవరకు సాక్ష్యమవుతుందనే అనుమానం నాకు ఎప్పుడూ ఉంది. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు కోరినప్పుడు ఆ లెక్కల చరిత్రనే నాకు తెలిసినంత మనవి చేద్దామనిపించింది.

మాది నల్లమాడ ప్రాంతం. మెట్ట సేద్యం. 1968లో జూనియర్ గుమాస్తాగా చేరాను. మన జిల్లాలోనే, మా ఊరికి దూరంగా ఉన్న ఒక తాలూకా కచేరీలో నాకు అప్పగించిన పనుల్లో వాన రిజిస్టరు ఒకటి. కచేరీ ఆవరణలో చిన్న కంచె, అందులో వర్షమాపకం. అయిదంగుళాల వెడల్పు నోరు, లోపల గరాటు, గరాటు కింద సీసా. నోటి అంచు నేలకు ఒక అడుగు ఎత్తున ఉండాలి. ఉదయం ఎనిమిదిన్నరకు డఫేదారు సీసాలోని నీటిని గీతల గ్లాసులో పోసి చదివేవాడు, నేను రాసేవాడిని. బీరువాలోని పాత పుస్తకాలు అంగుళాలు, సెంట్లలో ఉండేవి. మా కాలానికి మెట్రిక్ పద్ధతి వచ్చి మిల్లీమీటర్లయ్యాయి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు అన్న లెక్క నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది.

ఆ పుస్తకంలో ఒక చిక్కు ఉండేది. ఉదయం ఎనిమిదిన్నర నుండి మరునాటి ఎనిమిదిన్నర వరకు కురిసిన వాన మరునాటి తేదీకి చేరుతుంది. నిన్న సాయంత్రం వాన పడిందని రైతు అంటే, మా పుస్తకంలో అది ఈనాటి వాన. ఇద్దరి మాటా నిజమే. అలాగే 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే దానిని వర్షపు రోజుగా లెక్కిస్తారు. దుమ్ము అణగడానికి పడిన చినుకులు పుస్తకంలో ఉంటాయి కానీ వర్షపు రోజుల లెక్కలోకి రావు.

వానను పాత్ర పెట్టి కొలవడం మన దేశానికి కొత్త కాదు. కోష్ఠాగారం ముందు మూరెడు వెడల్పు నోరు గల పాత్రను వర్షమాపకంగా ఉంచాలని కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది. శిస్తుకూ వానకూ గల సంబంధం అప్పటిదే. ఉగాది పంచాంగ శ్రవణంలో సముద్రం మీద ఇన్ని పాళ్లు, కొండల మీద ఇన్ని, భూమి మీద ఇన్ని అని వినిపించే లెక్క కూడా రైతు ఆత్రానికి ఒక జవాబే. అయితే అది రాబోయే వాన లెక్క. కురిసిన వానను రోజూ ఒకే వేళ, ఒకే చోట, ఒకే కొలతతో రాసిపెట్టడం వేరు.

దక్షిణాదిన మద్రాసు నక్షత్రశాలలో 18వ శతాబ్దం చివర్లోనే వాతావరణ పరిశీలనలు మొదలయ్యాయి. 1864 కలకత్తా తుపాను, 1866, 1871 సంవత్సరాల అనావృష్టి దేశాన్ని కుదిపిన తరువాత 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని మొదటి అధికారి హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్. మరుసటి ఏడాదే మన పెద్దలు ధాత కరువుగా చెప్పుకొన్న 1876-78 మహాక్షామం వచ్చింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం బళ్లారి జిల్లాలో ఉండేది. 1882లో మన జిల్లా ఏర్పడింది. కదిరి తాలూకా మాత్రం 1910 వరకు కడప జిల్లాలోనే ఉంది. ఈ వైపు పాత వాన లెక్కలు వెదికేవారు ఈ మార్పులు గుర్తుంచుకోకపోతే ఒక జిల్లా అంకెను ఇంకో జిల్లాకు అంటగట్టే ప్రమాదం ఉంది.

కరువు కారణం ఆకాశంలో వెదకడానికి వసంతకాలపు లెక్కలే ఆధారమయ్యాయి. హిమాలయాల మీద వసంతంలో మంచు ఎక్కువైతే ఆ తరువాతి వానలు తగ్గుతాయని బ్లాన్‌ఫర్డ్ 1884లో ప్రతిపాదించాడు. 1904లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ ఇంకా దూరం చూశాడు. మే నెలాఖరుకు హిమాలయాల మంచు, మారిషస్‌లో గాలి పీడనం, దక్షిణ అమెరికాలో వసంతపు పీడనం, జాంజిబార్‌లో ఏప్రిల్, మే వానలు – వీటన్నిటినీ కలిపి మన ఋతుపవనాలకు సూత్రం కట్టాడు. ఆ వెదుకులాటలోనే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య పీడనం తూగుటుయ్యాలలా ఊగుతుందని కనిపెట్టాడు. ఈనాడు పత్రికల్లో చదివే ఎల్‌నినోకు దానితో దగ్గరి సంబంధం ఉంది. 1877 కరువు నాడు కూడా బలమైన ఎల్‌నినో ఉండిందని తరువాత తేలింది. ఎక్కడో ఒక మూల కూర్చుని రోజూ అంకె రాసిన గుమాస్తాలు లేకపోతే వాకర్ దొర గణితానికి ఆధారమే లేదు.

ఇక మన జిల్లా సంగతి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం 553 మిల్లీమీటర్లుగా జిల్లా గణాంక పుస్తకాల్లో ఉండేది. అందులో నైరుతి వాటా 338, ఈశాన్యం వాటా 156. మిగిలిన 59 మిల్లీమీటర్లలో ఎక్కువ భాగం వేసవి ఉరుముల వానలదే. పడమటి కనుమల చాటున ఉన్నాము కనుక నైరుతి మేఘం మన దాకా వచ్చేసరికి చాలా భాగం కురిసిపోతుంది. తూర్పు తీరానికి దూరం కనుక ఈశాన్యమూ అంతంతే. చైత్ర వైశాఖాల్లో నేల కాగి, సముద్రం మీది తేమగాలి అందిన రోజున మధ్యాహ్నం తరువాత మబ్బు నిలువుగా పెరిగి, గాలిదుమారంతో, ఒక్కొక్కప్పుడు వడగండ్లతో కురిసిపోతుంది.

59 మిల్లీమీటర్లు చిన్న అంకెలాగా కనబడుతుంది. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. 59 మిల్లీమీటర్లంటే దాదాపు రెండు లక్షల నలభై వేల లీటర్లు. "భరణి కురిస్తే ధరణి పండును" అని సామెత. ఆ వానకు దుక్కి పదునైతే శనగ చేను ముందే దున్ని పెట్టుకోవచ్చు. పశువులకు నాలుగు పోచలు గడ్డి మొలుస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. వేసవిలో వారాల తరబడి వాన ఉండదు. గేజీ దగ్గరికి వెళ్లకుండానే "నిల్" అని రాసేయడం మాకు అలవాటైంది. 1970లలో ఒక భరణి కార్తెలో శనివారం రాత్రి గట్టి వాన పడింది. ఆదివారం సెలవు. సోమవారం వెళ్లి చూస్తే సీసాలో నీళ్లున్నాయి. ఆదివారం గడిలో అప్పటికే "నిల్" ఉంది. దిద్దితే పైవారు అడుగుతారని మొత్తాన్ని సోమవారం కింద రాశాను. నెల మొత్తం తప్పలేదు కదా అని సమాధానం చెప్పుకొన్నాను. రెండు రోజుల ఎండలో ఎంత నీరు ఆవిరైందో ఎవరికి ఎరుక?

తరువాత ఊరికి వెళ్లినప్పుడు మాటవరసకు ఆ వాన సంగతి మా నాయనతో అన్నాను. ఆయన నవ్వలేదు. "అక్కడ పడిందాన్నే సరిగా రాయకపోతివి. ఇక్కడ మా చేలో పడింది ఏ పుస్తకంలో రాస్తారు నాయనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి రెవెన్యూ లెక్కలకు తాలూకా కేంద్రమే ప్రధానం. వేసవి వాన ఒక ఊళ్లో పడి పక్క ఊళ్లో పడదు. తాలూకా కేంద్రంలో కురిస్తే తాలూకా అంతా కురిసినట్టు, అక్కడ లేకపోతే ఎక్కడా లేనట్టు. ఆ మరునాటి నుండి ఉద్యోగం మారేవరకు గేజీ చూడకుండా అంకె రాయలేదు. "నిల్" కూడా కొలిచి రాయవలసిన అంకే అని నాకు తెలిసివచ్చింది.

1985లో మండలాలు వచ్చాయి. ఉమ్మడి జిల్లా 63 మండలాలైంది, నల్లమాడ అందులో ఒకటి. మండలాల వారీగా వాన లెక్క రాసే పద్ధతి ఆ తరువాత వచ్చింది. ఇటీవలి కాలంలో మనిషి అవసరం లేని యంత్రాలూ వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో నల్లమాడ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. రేపు లెక్కలు కూర్చేవారికి ఇదొక కొత్త చిక్కు.

ఈ అంకెల విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వర్షపాతం ఆధారంగా పంట బీమా మొదలైంది. 2007 నుండి వాతావరణ ఆధారిత బీమా పథకమే వచ్చింది. అటువంటి బీమాలో రైతుకు పరిహారం వచ్చేదీ రానిదీ గేజీలోని మిల్లీమీటర్లే తేలుస్తాయి. ఎండ లెక్కా అంతే. మైదానంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటారు. ఆ "సాధారణం" ఎక్కడిది? ముప్పై ఏళ్లు, అంతకు పైబడి రాసిన పుస్తకాల నుండి తీసిన సగటు. తెల్ల రంగు వేసిన చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున, నీడలో ఉంచిన థర్మామీటర్లను రోజూ చదివినవారు ఇచ్చిన సొత్తు అది.

మరి మన కాలంలో ఎండలు తక్కువేనా? దేశం మొత్తం మీద 1901 నుండి ఉన్న లెక్కల్లో 2024 అత్యంత వేడి సంవత్సరమని వాతావరణ శాఖ ప్రకటించింది. కనుక మన మాటలో నిజం లేకపోలేదు. కానీ ఒకటి ఆలోచించండి. అప్పుడు మనం మట్టిమిద్దె కింద, వేపచెట్టు నీడన ఉన్నాము. ఇప్పుడు సిమెంటు శ్లాబు కింద ఉన్నాము. మన ఒంటికి తెలిసిన వేడిలో మిద్దె వాటా ఎంతో, ఆకాశం వాటా ఎంతో జ్ఞాపకం విడదీసి చెప్పలేదు. పుస్తకం చెప్పగలదు, నిజాయితీగా రాసి ఉంటే.

చివరిగా ఒక విన్నపం. మనలో చాలామంది రెవెన్యూ, వ్యవసాయ, నీటిపారుదల శాఖల్లో పనిచేసినవారే. మీ ఇంటి అటకమీద పాత డైరీలు, వాన లెక్కల నకళ్లు ఉంటే చిత్తుకాగితాల వానికి వేయకండి. తేదీ, చోటు, రాసినవారి హోదా పైన రాసి సంఘం కార్యాలయానికి అందజేయండి. అందరివీ కూర్చి జిల్లా గణాంక అధికారులకు అప్పగిద్దాము. మీరు ఎక్కడైనా నాలాగా తప్పు రాసి ఉంటే, ఆ తేదీ పక్కన అదీ రాయండి. నేను నాది రాసి ఇచ్చాను.

సెలవు.