కీ ఇచ్చే గడియారం చంద్రుని దాకా వెళ్ళిన సంగతి



మన పెద్దవాళ్ళ చేతిగడియారాలు మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. పెండ్లిలో పెట్టిన హెచ్‌ఎంటీ గడియారం. ఉదయం ముఖం కడుక్కొని వచ్చి, దాని పక్కనున్న చిన్న బొడిపెను రెండు వేళ్ళతో పట్టుకొని, ఇక తిరగదు అనేదాకా కీ ఇచ్చేవారు. ఒక రోజు మరచిపోతే మరునాటికి అది ఆగిపోయి కనిపించేది. బ్యాటరీ గడియారాలు వచ్చాక ఆ పని పోయింది. సెల్‌ఫోన్లు వచ్చాక చాలా చేతుల మీద గడియారమే పోయింది.

ఈ వారం మనము అటువంటి కీ ఇచ్చే గడియారం ఒకదాని చరిత్ర చెప్పుకుందాము. అది స్విట్జర్లాండులో తయారై, అమెరికా వ్యోమగాముల చేతికి చేరి, చంద్రుని దాకా వెళ్ళి వచ్చింది. దాని పేరు ఒమేగా స్పీడ్‌మాస్టర్. 1957లో దానిని మొదట అమ్మకానికి పెట్టినప్పుడు అది కార్ల పందేల వాళ్ళ కోసం చేసిన గడియారం. మామూలు మూడు ముళ్ళే గాక, లోపలే స్టాప్‌వాచ్ కూడా ఉంటుంది. పక్కనున్న మీట నొక్కితే సెకన్ల ముల్లు పరుగెత్తుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. అటువంటి గడియారాన్ని క్రోనోగ్రాఫ్ అంటారు. అదే సంవత్సరం అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్‌ను పైకి పంపారు. ఆ రెంటికీ సంబంధం కుదురుతుందని అప్పుడు ఎవరు అనుకున్నారు?

మొదటి వ్యోమగాములు ఎవరికి తోచిన గడియారం వారు కట్టుకొని వెళ్ళారు. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ భూమిని ఒకసారి చుట్టి వచ్చినప్పుడు అతని చేతికి మాస్కోలో తయారైన ష్టుర్మాన్‌స్కీ గడియారం ఉంది. 1962 ఫిబ్రవరిలో జాన్ గ్లెన్ ఒక స్టాప్‌వాచ్‌ను మణికట్టుకు కట్టుకున్నాడు. ఆ మే నెలలో స్కాట్ కార్పెంటర్ ఇరవైనాలుగు గంటల డయల్ ఉన్న బ్రైట్‌లింగ్ గడియారం కట్టుకున్నాడు. పైన గంటన్నరకొకసారి తెల్లవారుతుంది, గంటన్నరకొకసారి చీకటి పడుతుంది. అక్కడ ఉదయం పది, రాత్రి పది అని తేడా చూపకపోతే లెక్క తప్పుతుంది, అందుకే ఆ డయల్. అయితే కార్పెంటర్ అనుకున్న చోటికి సుమారు 400 కిలోమీటర్ల అవతల సముద్రంలో దిగాడు. ఉప్పునీరు తగిలి ఆ గడియారం పాడైపోయింది. అదే సంవత్సరం అక్టోబరు 3న వాలీ షిరా తన సొంత స్పీడ్‌మాస్టర్‌తో వెళ్ళి వచ్చాడు. ఆకాశం చూసిన మొదటి ఒమేగా అదే. దానిని అతనికి ఎవరూ ఇవ్వలేదు, తన డబ్బుతో తాను కొనుక్కున్నాడు.

ఇద్దరేసి మనుషులు వెళ్ళే జెమిని ప్రయాణాలు, ఆ తరువాత చంద్రుని ప్రయాణాలు దగ్గర పడుతున్నాయి. ఇక ఎవరికి తోచినది వారు కట్టుకుంటే కుదరదు. 1964లో వ్యోమగాముల పెద్ద డీక్ స్లేటన్ నాసా వారిని ఒక మంచి క్రోనోగ్రాఫ్ కావాలని అడిగాడు. స్లేటన్ మొదటి ఏడుగురు వ్యోమగాములలో ఒకడు. గుండె కొట్టుకోవడంలో తేడా ఉందని అతనిని పైకి పంపలేదు. తాను వెళ్ళలేకపోయినా వెళ్ళేవారికి కావలసినవన్నీ చూసేవాడు. (1975లో ఆఖరికి అతనూ వెళ్ళాడు.)

ఆ పని జేమ్స్ రేగన్ అనే యువ ఇంజినీరు చేతికి వచ్చింది. ఇక్కడ ఒక మాట. నాసా వారు మారు పేరుతో హ్యూస్టన్‌లోని ఒక కొట్టుకు వెళ్ళి, ఎవరికీ తెలియకుండా గడియారాలు కొన్నారని చాలాచోట్ల చెబుతారు. వినడానికి బాగుంటుంది గాని అది నిజం కాదు. ప్రభుత్వ పని ఎలా జరుగుతుందో అలాగే జరిగింది. రేగన్ కంపెనీలకు కాగితం పంపి ధరలు అడిగాడు, వచ్చిన గడియారాలను తీసుకున్నాడు. మంచి సంగతికి కూడా మనము కొంచెం మసాలా కలుపుతాము, అది ఒక్క మన ఊళ్ళ అలవాటే కాదన్నమాట.

తరువాత రేగన్ ఆ గడియారాలను పెట్టిన బాధ వింటే జాలి వేస్తుంది. 71 డిగ్రీల వేడిలో 48 గంటలు ఉంచాడు. వెంటనే 93 డిగ్రీలలో అరగంట. తరువాత సున్నాకు 18 డిగ్రీల దిగువన నాలుగు గంటలు. గాలి దాదాపు లేని గదిలో వేడి, చలి, వేడి, చలి అంటూ 15 సార్లు తిప్పాడు. 95 శాతం తేమలో 250 గంటలు నిలిపాడు. మన బరువుకు 40 రెట్ల బలంతో ఆరు వైపుల నుండి కుదుపులు ఇచ్చాడు. అరగంట చొప్పున వణికించాడు. చెవులు పగిలే శబ్దంలో పెట్టాడు. ఇదంతా ఒకే గడియారం మీద, ఒకదాని తరువాత ఒకటి.

పోటీకి నిలిచినవి మూడు. మూడూ పేరున్న కంపెనీలవే. ఒకటి తేమ పరీక్షలో ఆగిపోయింది, వేడికి దాని ముల్లు వంగి పక్క ముల్లుకు తగులుకుంది. ఇంకొకదాని అద్దం వేడికి వంకరపోయి ఊడింది. స్పీడ్‌మాస్టర్ నిలిచింది. నిలిచింది అంటే మచ్చ లేకుండా నిలిచిందని కాదు. గాలి తీసివేసిన పరీక్షలో అది 21 నిమిషాలు ముందుకు పోయింది. వేగం పెంచిన పరీక్షలో 15 నిమిషాలు వెనుకబడింది. చీకట్లో మెరిసే పూత పోయింది. అయినా పరీక్షలన్నీ ముగిసేసరికి నడుస్తూనే ఉంది. రిపోర్టులో ఆ తప్పులను దాచకుండా రాశారు. ఈ చరిత్ర అంతటిలో మనకు ఎక్కువ నచ్చినది ఆ రిపోర్టే. తప్పులు రాసి కూడా పనికివస్తుంది అని చెప్పగలగడం చిన్న విషయం కాదు.

1965 మార్చి 1న దానికి అనుమతి ఇచ్చారు. జూన్ 3న ఎడ్ వైట్ జెమిని 4 నుండి బయటికి వచ్చి, అమెరికావారిలో మొదటిసారిగా ఆకాశంలో తేలినప్పుడు ఆ గడియారం అతని చేతి మీద, లావు కోటు పైన, పొడవాటి వెల్క్రో పట్టీతో కనిపించింది.

ఇంతకూ దాని అవసరమేమిటి? నౌకలో కంప్యూటరు ఉంది, కరెంటుతో నడిచే గడియారాలు ఉన్నాయి, భూమి మీద వందలమంది లెక్కలు చూస్తున్నారు. రేగన్ లెక్క వేరు. భూమితో మాట తెగిపోయి, నౌకలోని గడియారాలు కూడా ఆగిపోతే ఆ మనిషి దగ్గర ఏమి మిగులుతుంది? అందుకే కరెంటుతో పనిలేనిది, వేళ్ళతో కీ ఇస్తే నడిచేది కావలసివచ్చింది. అద్దం కూడా గాజు కాదు, ప్లాస్టిక్ లాంటిది. గాజు పగిలితే బరువు లేని చోట ముక్కలు గాలిలో తేలి కంట్లో పడతాయి.

1969 జూలైలో చంద్రుని మీద దిగినప్పుడే ఆ అవసరం కొంచెం కనిపించింది. దిగిన నౌకలోని ఎలక్ట్రానిక్ గడియారం సరిగా పనిచేయలేదు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన చేతిగడియారాన్ని దానికి బదులుగా లోపలే ఉంచి బయటికి దిగాడు. కాబట్టి చంద్రుని నేల మీద కదిలిన మొదటి గడియారం ఆల్డ్రిన్‌ది. దిగాక, బయటికి వెళ్ళకముందు, ఆల్డ్రిన్ అక్కడ రొట్టె, ద్రాక్షారసము తీసుకున్నాడని మీలో కొందరు వినే ఉంటారు. ఆ సంగతి మరొకసారి చెప్పుకుందాము.

అసలు గడియ తొమ్మిది నెలలకు వచ్చింది. 1970 ఏప్రిల్ 11న అపోలో 13 బయలుదేరింది. జిమ్ లోవెల్, ఫ్రెడ్ హేయిస్, జాక్ స్విగర్ట్. స్విగర్ట్ నిజానికి వెళ్ళవలసినవాడు కాదు. వెళ్ళవలసిన కెన్ మాటింగ్లీకి రుబెల్లా తగిలే ప్రమాదం ఉందని ఆఖరి రోజులలో అతనిని ఆపి, బదులుగా స్విగర్ట్‌ను ఎక్కించారు. (మాటింగ్లీకి ఆ జబ్బు రానే లేదు.)

13వ తేదీన భూమికి మూడు లక్షల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ముఖ్య నౌకలో కరెంటు, గాలి తగ్గిపోతున్నాయి. ఉన్న కొద్ది బ్యాటరీని చివర భూమి మీద దిగడానికి దాచుకోవాలి గనుక దానిని పూర్తిగా ఆపేశారు. ముగ్గురూ చంద్రుని మీద దిగడానికి తెచ్చిన చిన్న నౌకలోకి వచ్చారు. అది ఇద్దరికి, సుమారు రెండు రోజులకు చేసినది. అందులో ముగ్గురు నాలుగు రోజులు బ్రతకాలి. అక్కడ కూడా కంప్యూటరును, దారి చూపే యంత్రాలను ఆపేశారు. చలి. త్రాగడానికి రోజుకు మనిషికి ఒక గ్లాసు నీళ్ళు.

అంతలో దారి కొంచెం పక్కకు జరుగుతోందని భూమి మీద వాళ్ళు చూశారు. చెరువు నీళ్ళ మీద పలచని పెంకు విసిరితే అది మునగకుండా గెంతుకుంటూ పోతుంది కదా. నౌక భూమి గాలిలోకి మరీ ఏటవాలుగా వస్తే అలాగే అవతలికి పోతుంది. ఇక తిరిగి రాదు. దారి సరిచేయాలంటే ఇంజిను 14 సెకన్లు మండించాలి. కంప్యూటరు లేదు. అది చేయవలసిన పనిని ముగ్గురు మనుషులు పంచుకున్నారు. కిటికీలోనుండి భూమి మీద పగలు, చీకటి కలిసే గీతను గురి చేసుకొని, లోవెల్, హేయిస్ చేతి మీటలతో నౌక ఊగిపోకుండా పట్టుకున్నారు. స్విగర్ట్ తన స్పీడ్‌మాస్టర్‌లో సెకన్లు చూశాడు. మీట నొక్కాడు, ముల్లు బయలుదేరింది. పద్నాలుగు. ఇంజిను ఆపారు.

గడియారమే వారిని రక్షించిందని కొందరు రాస్తారు. అది ఎక్కువ చెప్పడమే. భూమి మీద నిద్ర లేకుండా లెక్కలు కట్టినవారు ఎందరో ఉన్నారు, తరువాత దారికి మరొక చిన్న సవరణ కూడా చేశారు. అయితే ఆ పద్నాలుగు సెకన్లు కొలవడానికి అక్కడ ఉన్నది అదే. కీ ఇచ్చిన గడియారం, దానిని చూస్తున్న బదులు మనిషి. ఏప్రిల్ 17న ముగ్గురూ పసిఫిక్ సముద్రంలో క్షేమంగా దిగారు. అక్టోబరు 5న ఆ గడియారపు కంపెనీకి సిల్వర్ స్నూపీ అనే గుర్తింపు ఇచ్చారు. తమ ప్రాణాలు కాపాడే పనిలో సాయపడినవారికి వ్యోమగాములు తామే ఇచ్చే బహుమానము అది.

ఆ గడియారం ఎన్నడూ పాడుకాలేదని చెబితే అబద్ధం అవుతుంది. 1971లో అపోలో 15లో చంద్రుని మీద రెండోసారి బయట తిరిగి లోపలికి వచ్చాక డేవిడ్ స్కాట్ చూసుకుంటే తన ఒమేగాకు అద్దం లేదు, ఊడిపోయింది. మూడోసారికి తనతో తెచ్చుకున్న బులోవా గడియారం కట్టుకొని వెళ్ళాడు. 2015లో ఆ బులోవాను వేలం వేస్తే 16 లక్షల 25 వేల డాలర్లు పలికింది. అక్కడ కూడా బదులు తెచ్చుకున్నదే పనికివచ్చింది చూశారా.

ఆర్మ్‌స్ట్రాంగ్ గడియారం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం వారి దగ్గర ఉంది. ఆల్డ్రిన్ గడియారాన్ని కూడా ఆ మ్యూజియానికే పంపించారు. అది దారిలో ఎక్కడో పోయింది, ఇప్పటికీ దొరకలేదు. చంద్రుని నేల మీద మొదట తిరిగిన గడియారం ఈ రోజు ఎవరి బీరువా అరలోనో, ఏమిటో తెలియకుండా, కీ ఇచ్చేవారు లేక ఆగిపోయి ఉండవచ్చు.