దుబాసి నాలుక

నెల్లూరు తీరమున, పులికాటు సరస్సు సమీపమున, దుర్గరాజపట్నమను పల్లె కలదు. 1626 ప్రాంతమున ఆంగ్లేయ వర్తకులు ఇచ్చట దిగి బట్టల వ్యాపారమునకు ఒక కొట్టు కట్టుకొనిరి. పిమ్మట దానిని కోటగా బలపరచి ఫిరంగుల నెక్కించిరి. తమకు తోడుపడిన ఆరుముగ మొదలారి పేర దానికి ఆర్మగాన్ అని పేరిడిరని ప్రతీతి. ఆరుముగము ఆర్మగాన్ అయినది! ఈ తీరమున ఒకరి మాట మరొకరి నోట పడి రూపు మారిన కథ ఆ పేరుతోడనే ఆరంభమైనదనుకొనవచ్చును. 1640లో ఫ్రాన్సిస్ డే మొదలగువారు ఆర్మగానును విడిచి చెన్నపట్నమునకు తరలిపోయిరి.

ఆ దినములలో దొరలకును మనవారికిని నడుమ నిలిచిన దుబాసి ముందుగా నేర్చినది ఇంగ్లీషు కాదు. తీరమంతట వర్తక భాష పోర్చుగీసు. అదియు లిస్బను నగరపు పోర్చుగీసు కాదు, రేవులలో నలిగి నలిగి వ్యాకరణము కోల్పోయిన పోర్చుగీసు. కంపెనీ పాదిరులు ఈ దేశమునకు వచ్చిన యేడాదిలోగా పోర్చుగీసు నేర్చుకొనవలెనని 1698 నాటి సన్నదులోనే విధించిరన్నచో దాని ప్రాబల్యము తెలియును. పైన మనము వాడిన పాదిరి యను మాట వారిదే. బొత్తాము వారిదే, అలమార వారిదే. వారు ముక్కుతో పలికిన తుది అచ్చును మన చెవి మకారముగ గ్రహించి, మన నాలుక దానికొక ఉత్వమును చేర్చి బొత్తామును చేసినది. అనుకరణమనగా సగము చెవి పని, సగము నాలుక పని. ఈ రెండింటికిని సర్వదా పొత్తు కుదరదు.

1801లో కర్ణాటక రాజ్యముతో పాటు నెల్లూరు సీమ కంపెనీ పాలనలోనికి వచ్చినది. అప్పటికి దుబాసికి ఇంగ్లీషు తప్పనిసరియైనది. అయితే ఏ ఇంగ్లీషు? మనవారికి దొరలందరు ఒక్కటే జాతిగ కనిపించిరి గాని, వినువారికి ఒక్కటిగ వినిపించలేదు. 1820 నుండి 1827 వరకు మద్రాసు గవర్నరుగ నుండిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. మన కైఫీయతులను ప్రోగుచేయించిన కాలిన్ మెకంజీ స్కాట్లాండునకు వాయవ్యమున నున్న లూయిస్ దీవివాడు. ఇక ఐర్లండువారును, లండనువారును కంపెనీ కొలువున కొల్లలుగ నుండిరి.

వీరి పలుకుబడులలో భేదము కొంచెము విచారింతము. స్కాట్లాండువారు రేఫను నాలుక కదలించి స్పష్టముగ పలుకుదురు; అది మన రేఫకు దగ్గరి చుట్టము. దక్షిణ ఇంగ్లాండువారు పదాంతమందలి రేఫను మ్రింగి వేయుదురు. అమెరికావారు దానిని మ్రింగరు గాని నాలుకను వెనుకకు మడతురు. స్కాట్లాండు గ్రామీణుని నోట ‘హౌస్’ అను మాట ‘హూస్’ అగును. లండనువాని ‘కాంట్’ అమెరికావానికి ‘కేంట్’. వారి టకారము పండ్ల చిగుళ్ళ మీద పుట్టునది; మనకు ఆ స్థానమున అక్షరము లేదు గావున దానిని మూర్ధన్యము చేసి కోర్టు, టిక్కెట్టు అంటిమి. అన్నిటికంటె గొప్ప చిక్కు లయలో నున్నది. తెలుగువాడు గురు లఘువులకు తగిన మాత్ర లిచ్చి ప్రతి అక్షరమును పలుకును. ఆంగ్లేయుడు ఒక్క అక్షరమును ఊది పలికి తక్కినవానిని నమలివేయును. అక్షరములన్నియు సరిగనే పలికినను మనవాని మాట దొరకు బోధపడకుండుటకు కారణమిదియే. తుదిని ఉత్వము చేర్చి బస్సు, కారు, రైలు అనుట మన భాష అజంతమగుటచే వచ్చిన అలవాటు; దానికి నవ్వనేల?

దుబాసి పని వినోదము కాదు. న్యాయస్థానమున సాక్షి చెప్పిన మాటను దొరకును, దొర యడిగిన ప్రశ్నను సాక్షికిని అందించునపుడు ఒక్క పదము పెడచెవిని బడినచో ఒకని పొలము పోవచ్చును, ఒకని ప్రాణమే పోవచ్చును. ఈ వృత్తిలో పేరెన్నికగన్నవాడు వెన్నెలకంటి సుబ్బారావు. ఈయన 1784లో ఒంగోలున జన్మించెను; ఆ యూరు 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. 1815 నుండి 1829 వరకు మద్రాసు సదరు అదాలతులో దుబాసిగ నుండి, తన జీవిత చరిత్రను ఇంగ్లీషుననే వ్రాసికొనెను. అది ఆయన పోయిన చాల కాలమునకు, 1873లో అచ్చయినది. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి సమర్పించిన నివేదికలో, బడిపిల్లలు అర్థము తెలియకయే ఇంగ్లీషు చదువుచున్నారని ఆయన ఎత్తిచూపెను. చిలుకపలుకులోని లోపము దుబాసికి తెలిసినట్లు మరెవరికి తెలియును?

నెల్లూరు తీరమునకు మరికొన్ని యాసలు మిషనరీలతో వచ్చినవి. 1840లో శామ్యూల్ డే నెల్లూరున అమెరికను బాప్టిస్టు మిషనును నెలకొల్పెను. ఈయన కెనడాలో పుట్టినవాడు. తరువాత వచ్చిన లైమన్ జ్యూయెట్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రమువాడు. ఆ కాలముననే స్కాట్లాండు మిషనువారును నెల్లూరున బడి నడపిరి. 1865లో జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గు మిషనువారు సూళ్ళూరుపేటకు వచ్చి, గూడూరు, నాయుడుపేటల వరకు వ్యాపించిరి. మొదటి ప్రపంచ యుద్ధమున ఆ జర్మనులను నిర్బంధింపగా వారి పనిని అమెరికాలోని ఒహాయో లూథరనులు చేపట్టిరి. అనగా ఈ ప్రాంతమున మిషను బడులలో చదువుకొన్నవారు ఏ బడిలో చేరిన ఆ యాస వినిరి. వకార ద్వయమును వేరుపరుపజాలని జర్మను అయ్యవారికిని, ఒక్కటే వకారముగల తెలుగు శిష్యునికిని ఈ విషయమున పేచీ లేకుండెననుకొందుము!

నెల్లూరు నాటకరంగము కూడ యాసల విషయమున మార్గదర్శి. వేదము వేంకటరాయ శాస్త్రిగారు 1897లో ప్రతాపరుద్రీయమును వెలువరించి, చాకలి పేరిగానికి వాని మాటను, తురకలకు వారి కలగలుపు మాటను ఇచ్చిరి. పండితులు ఆక్షేపింపగా గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనమును వ్రాసి, సంస్కృత నాటకములలోని ప్రాకృతములను దృష్టాంతముగ చూపిరి. ఆయన నాటకములను నెల్లూరి ఆంధ్రభాషాభిమాని సమాజమువారు ప్రదర్శించిరి. శాస్త్రిగారి వాదము మనకు సమ్మతమే. అయినను ఒక్క మాట: చాకలి యాసకు సభ నవ్వును, పండితుని యాసకు నవ్వదు. అనుకరణమునకు పాత్రుడగువాడెవడో కులమును, అధికారమును నిర్ణయించుట ఇందు కనబడును.

1938లో మద్రాసు రేడియో కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము ఏర్పడిన పిదప, యాస యనునది ఇంటింటికిని వినవచ్చినది. బీబీసీ వార్తలను విని ఆ ఫణితిని అభ్యసించినవారు మన పట్టణములలో నుండిరి. ఇంగ్లీషు చిత్రముల ధ్వనులను, సంభాషణలను ఒక్క గొంతున పలికించి ధ్వన్యనుకరణమును కళగ నిలిపిన నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) ఓరుగల్లువారు. అది రంగస్థలపు అనుకరణము, చప్పట్లతో ముగియును.

బ్రతుకుతెరువుకై చేయు అనుకరణము వేరు. 1958లో హైదరాబాదున స్థాపితమైన కేంద్రీయ ఆంగ్ల సంస్థలో భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతమేరకు బోధపడునని ఆర్. కె. బన్సల్ పరిశోధించి 1969లో ప్రకటించిరి. లండను యాస పట్టువడినదా యనునది ప్రశ్న కాదు, మాట అందినదా యనునదే ప్రశ్న యని మాకు తోచును. 2000 ప్రాంతము నుండి హైదరాబాదు కాల్ సెంటర్లలో మన పిల్లలు రాత్రులందు పేరు మార్చుకొని, అమెరికావారితో రేఫను మడచి, ఇంగ్లాండువారితో దానిని మ్రింగి, తెల్లవారి ఇంటికి ఫోను చేసి నెల్లూరి మాట మాటాడిరి. ఇటీవల మాటాడువాని యాసను నడుదారిలోనే మార్చివేయు యంత్రములును వచ్చినవి. ఫోను ఈ చివర పలికిన రేఫ ఒకటి, ఆ చివర వినబడు రేఫ మరొకటి.