రేవుకు భాషలు తెచ్చిన రాబడి

1358లో కొండవీటి అనపోత రెడ్డి మోటుపల్లి రేవులో వేయించిన శాసనం సంస్కృతం, తెలుగు, తమిళం మూడింట్లోనూ ఉంది. అందులో వర్తకులకిచ్చిన హామీలు ఇప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. స్థిరపడతామంటే భూమి ఇస్తాం, వెళ్ళిపోతామంటే ఆపం, సరుకు ఇష్టమొచ్చినవారికి అమ్ముకోండి, కొడుకుల్లేకుండా పోయినవారి ఆస్తి లాక్కునే అపుత్రిక దండం ఇక ఉండదు.

అంతకు నూరేళ్ళ ముందే, 1244–45లో, కాకతీయ గణపతిదేవుడు అక్కడే అభయశాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా రాజు పట్టుకునే ఆనవాయితీని మాన్పించి, నిర్ణీత సుంకంతో సరిపెట్టుకున్నాడు. అనపోత రెడ్డి శాసనంలో తమిళం కూడా చేరింది. ఓడ దిగిన తమిళ వర్తకుడు తన హక్కును తానే చదువుకోగలిగితే వాడు మళ్ళీ వస్తాడు, సుంకం మళ్ళీ పడుతుంది. భాషను ఖజానాతో ఇంత సూటిగా ముడిపెట్టిన పాలకులు ఆంధ్ర తీరంలో అరుదు.

దక్షిణాన నెల్లూరు సీమలోనూ రెండు భాషలూ నడిచాయి. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసన సంపుటాలు తిరగేస్తే తెలుగు, తమిళ శాసనాలు పక్కపక్కనే కనిపిస్తాయి.

ఈస్టిండియా కంపెనీ వచ్చాక పద్ధతి మారింది. 1626లో దుగరాజపట్నం దగ్గర ఇంగ్లీషువాళ్ళు స్థావరం పెట్టుకున్నారు. అందుకు సాయపడిన ఆరుముగ ముదలియారు పేరు మీదే దాన్ని ఆర్మగాన్ అన్నారని చెబుతారు. అక్కణ్ణుంచి బేరమంతా దుబాసీల నోటి మీదే నడిచింది. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టి, కంపెనీ తన కుర్ర ఉద్యోగులకు తెలుగు, తమిళం నేర్పించింది. శిస్తు వసూలుకు, కోర్టులకు అది అవసరం. ఒంగోలు ప్రాంతంవాడైన వెన్నెలకంటి సుబ్బారావు అనేక భాషల బలంతో 1815 నుంచి 1829 దాకా సదర్ కోర్టులో అనువాదకుడిగా పనిచేశాడు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న జీవితకథ 1873లో అచ్చయింది. అయినా నాకు కంపెనీ ఏర్పాటు కంటే మోటుపల్లి రాయే గొప్పగా తోస్తుంది. అక్కడ భాష వర్తకుడికి హక్కు చేతికిచ్చింది. ఇక్కడ మధ్యవర్తికి జీతం, కంపెనీకి రాబడి మిగిల్చింది.

ఇప్పటి సంగతికొస్తే, 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చింది. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం మైసూరు నుంచి నెల్లూరు జిల్లా వెంకటాచలానికి తరలింది. మంచి పని. కానీ భాష నేటి బతుకుతెరువుకూ పనికిరావాలి. అక్కడికి దక్షిణాన కాస్త దూరంలో, శ్రీసిటీలో ఇసుజు వంటి జపాన్ కంపెనీలున్నాయి. తడ, సూళ్ళూరుపేట పిల్లలు తెలుగు, తమిళం రెండూ వింటూ పెరుగుతారు. వాళ్ళకు జపనీస్ కూడా నేర్పి, అనువాదకులుగా తీర్చిదిద్దే ప్రభుత్వ కోర్సు ఒకటి ఈ తీరంలోనే నడవాలి. దానికయ్యే ఖర్చును పరిశ్రమల శాఖ భరించాలి.