జపాన్ యానిమేషన్‌లో పాశ్చాత్య బాలసాహిత్యం: మూలవిధేయత, పాత్రల రూపకల్పన

పేరున్న నవలను యానిమేషన్‌గా తీస్తే, కథ మార్చారా లేదా అనేదే అందరూ చూస్తారు. చిత్రకారుడికి అంతకుముందే ఇంకో చిక్కు ఉంటుంది. రచయిత రెండు మాటల్లో చెప్పి వదిలేసిన ముఖానికి ముక్కు, జుట్టు, నడక అన్నీ అతనే ఇవ్వాలి. 1970లలో జపాన్ టెలివిజన్ ఒక్కో నవలను ఏడాది పొడవునా వారం వారం చూపినప్పుడు ఈ చిక్కు బాగా బయటపడింది.

దీనికి నాంది 1974లో ఫుజి టీవీలో 52 భాగాలుగా వచ్చిన ‘హైడి’. స్విస్ రచయిత్రి యోహన్నా స్పిరి 1880, 1881లలో రెండు భాగాలుగా వెలువరించిన నవల దీనికి మూలం. దర్శకుడు ఇసావో తకాహతా, పాత్రల రూపశిల్పి యోయిచి కొతాబే, దృశ్యాల కూర్పు చూసిన హయావో మియాజాకి 1973లో స్విట్జర్లాండ్ వెళ్లి కొండలూ ఇళ్లూ చూసి వచ్చారు. టీవీ కార్టూన్ కోసం అంత దూరం వెళ్లడం అప్పట్లో అరుదు. కొతాబే మొదట హైడికి జడలు వేశాడు. కొండమీద ఒంటరిగా బతికే ముసలితాత అయిదేళ్ల పిల్లకు రోజూ జడలు అల్లుతాడా? ఆ ఆలోచనతో జుట్టు కురచైంది. నవలలోనూ హైడిది పొట్టి ఉంగరాల జుట్టే. 1937 హాలీవుడ్ చిత్రంలో షిర్లీ టెంపుల్ బంగారు రంగు జుట్టుతో కనిపించిందని గుర్తుచేసుకుంటే తేడా తెలుస్తుంది. అలాగని సీరియల్ అక్షరాలా నవల కాదు. జోసెఫ్ అనే కుక్క కొత్తగా చేరింది. నవలకు ఆయువుపట్టైన దైవభక్తి బాగా పలచబడింది.

మరుసటి ఏడాది వచ్చిన ‘ఎ డాగ్ ఆఫ్ ఫ్లాండర్స్’ తీరు వేరు. రచయిత్రి ఊయిడా 1872 నాటి కథలో కథానాయకుడు నెల్లో పదిహేనేళ్లవాడు. అతని కుక్క పట్రాష్‌ది పసుపు ఒళ్లు, తోడేలులా నిక్కిన చెవులు. తెరమీద నెల్లో చిన్నపిల్లాడయ్యాడు, కుక్క చెవులు వేలాడాయి. అయినా ఆంట్వెర్ప్ చర్చిలో ఇద్దరూ చలికి చనిపోయే ముగింపును మాత్రం మార్చలేదు. చిన్నపిల్లలు చూసే ఆదివారం కార్యక్రమానికి ఇది సాహసమే. ముఖాలు ముద్దుగా మారడం వల్లే ఆ చావు మరింత బరువెక్కిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మూలవిధేయతలో పరాకాష్ఠ 1979లో 50 భాగాలుగా వచ్చిన ‘యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’. దర్శకుడు మళ్లీ తకాహతాయే. మొదటి రెండు భాగాల పేర్లు కూడా ఎల్. ఎం. మాంట్‌గొమరీ నవల (1908) రెండు, మూడు అధ్యాయాలవే. హనాకో మురవొకా 1952 అనువాదంతో జపాన్ పాఠకులకు ఎర్రజుట్టు యాన్ అప్పటికే ఇంటిపిల్ల. కాబట్టి తప్పు చేస్తే పట్టుకునేవాళ్లకు కొదవలేదు. అసలు పరీక్ష ముఖానిది. పదకొండేళ్ల యాన్ తన రూపాన్ని తానే అసహ్యించుకుంటుంది. కథ ముగిసేసరికి పదహారేళ్ల చక్కని అమ్మాయి. అందగత్తె బొమ్మ వేసి మచ్చలు చల్లితే సరిపోదు. రూపశిల్పి యోషిఫుమి కొందో బక్కపల్చని ఒళ్లు, పెద్ద నుదురు, పెద్ద కళ్లు పెట్టి, ఆ ఎముకల పొందికే మెల్లమెల్లగా అందంగా మారేలా గీశాడు. వారం వారం చూసినవాళ్లకు ఆ మార్పు ఏ భాగంలో జరిగిందో చెప్పడం కష్టం.