అటక మీది బేతాళుడు

పోయిన సంక్రాంతికి అమ్మవాళ్ల అటక సర్దుతుంటే పాత చందమామల బైండులు నాలుగు దొరికాయి. నాన్న కుట్టించినవి. అంచులు చెదలు తినేశాయి. "పాత పేపర్లవాడికి వేసెయ్యవే" అంది అమ్మ. నేనూ సరేనన్నాను. ఈలోపు మా ఎనిమిదేళ్ల పాప ఒకటి తెరుచుకుని గచ్చు మీదే చతికిలబడింది. దానికి తెలుగు ఇంకా కూడబలుక్కుంటేగానీ రాదు. అయినా అరగంట లేవలేదు, బొమ్మలు చూస్తూ కూర్చుంది.

ఆ బొమ్మలు వేసినవాళ్ల గురించి మనలో ఎంతమందికి తెలుసు?

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. తొలిరోజుల నుంచీ బొమ్మలు వేసిన 'చిత్రా' గారి అసలు పేరు టి. వీరరాఘవన్. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లలో మాంత్రికులకీ, వింత జంతువులకీ రూపం ఇచ్చింది ఆయనే. 1950ల తొలినాళ్లలో శంకర్ గారు వచ్చారు. ఆయన మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదువుకున్న తమిళుడు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడు ఆయన గీసినవాడే. నెలనెలా అదే బొమ్మ, అయినా నెలనెలా భయమే! ఆయన 2020లో పోయారు, మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు. ఇక ముఖచిత్రాలంటే వడ్డాది పాపయ్యగారు, మన వపా. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. వాళ్ల నాన్నగారు డ్రాయింగు మాస్టారు. ఆ రంగుల కోసమే అట్ట చింపి గోడకి అంటించుకున్న ఇళ్లు ఎన్నో.

వీళ్లలో బేతాళుణ్ణి చూసినవాళ్లెవరు? ఎవరూ లేరు. మరి మనం ఎలా నమ్మేశాం? ఇన్నేళ్లు వంటింట్లో గడిపిన కళ్లతో ఇప్పుడు చూస్తే తెలిసింది. పేదరాశి పెద్దమ్మ గుడిసె, అరుగు, కుండ, చేట, చీరకట్టు అన్నీ మనకి తెలిసినట్టే ఉంటాయి. చెట్టు నిజం చెట్టే, దాని బెరడు కూడా కనపడుతుంది. చుట్టూ ఉన్నదంతా నిజమయ్యేసరికి, కొమ్మకి తలకిందులుగా వేలాడేవాడూ నిజమేననిపిస్తాడు.

పేజీలు తిప్పుతూ పాప "అమ్మా, ఇదెవరు వేశారు?" అంది. మార్జిన్‌లో పెన్సిల్‌తో ఓ బేతాళుడు. వాడికి మా మేనత్త ముక్కు, మా పెరటి జామచెట్టు! నేను వేసిందే. నాకూ అప్పుడు ఎనిమిదేళ్లుంటాయి. పదో తరగతికి వచ్చాక "బొమ్మలకి మార్కులేస్తారా?" అని ఇంట్లో అంటే మానేశాను. ఆ సంగతే మర్చిపోయాను.

అంతకన్నా సిగ్గనిపించింది ఇంకోటి. పాప ఏదైనా బొమ్మ వేస్తానంటే నేను ఫోన్ తీసి, "ఇది చూసి వెయ్యి, సరిగ్గా వస్తుంది" అనేదాన్ని. అది అలాగే వేసేది. బావుండేవి, కానీ ఒక్కటీ దానివి కావు.

ఆ సాయంత్రం ఫోన్ ఇవ్వలేదు. "రాక్షసుడు ఎలా ఉంటాడమ్మా?" అని అడిగితే "నాకేం తెలుసు? నువ్వే చెప్పు" అన్నాను. కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత కాగితం మీద పడింది. రాక్షసుడికి అమ్మమ్మ కళ్లజోడు పెట్టింది, చేతిలో గదకి బదులు మా రోకలి ఇచ్చింది. కాళ్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

"పొట్టికాలు ఎందుకే?" అన్నాను.

"మన అటక ఎక్కుతున్నాడు కదా, మడిచాడు" అంది.

నాలుగు బైండులూ ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాయి.