అడవి ఎవరిది? రంప నుంచి జోడేఘాట్ దాకా

మన తెలుగువారు ఏ దేశంలో సంఘం పెట్టుకున్నా, ఉత్సవాల వేదిక మీద ఏదో ఒక ఏడు అల్లూరి సీతారామరాజు వేషం కనబడక మానదు. 1974లో వచ్చిన సినిమా తరువాత ఆ కాషాయ వస్త్రాలూ విల్లంబులూ మన పిల్లలకు కూడా పరిచయమయ్యాయి. రాజు ఎవరిని ఎదిరించాడో అందరికీ తెలుసు. ఆయన వెంట నడిచిన మన్యం ప్రజలు దేని కోసం ప్రాణాలకు తెగించారని పిల్లలు అడిగితే మాత్రం కాస్త తడుముకుంటాం. స్వాతంత్ర్యం కోసం అంటాం. అది సగం జవాబు. మిగతా సగం అడవిలో ఉంది.

ముందు పోడు సంగతి చూద్దాం. కొండవాలు మీద చెట్టూ చేమా నరికి, ఎండనిచ్చి, వానలకు ముందు తగలబెడతారు. ఆ బూడిదలో సామ, కొర్ర, చోడి, కంది విత్తుతారు. నాగలితో పని లేదు. రెండు మూడేళ్లు పండించాక ఆ వాలును వదిలి మరో వాలుకు పోతారు. వదిలిన చోట అడవి మళ్లీ ఎదుగుతుంది. జనం కొద్దిమందీ, కొండలు విశాలమూ అయినంతకాలం ఈ లెక్క సరిపోయింది. అడవిశాఖ అధికారికి ఇది కలపను బుగ్గి చేయడం. కొండరెడ్డికి ఇది తాతలు నేర్పిన వ్యవసాయం. ఒకే కొండను ఇద్దరూ రెండు విధాలుగా చూస్తారు. అడవి తగాదాలను పరిశీలించే మానవశాస్త్రజ్ఞులు మొట్టమొదట పట్టించుకొనేది ఈ తేడానే.

తగాదా రాజుతో మొదలు కాలేదు. గోదావరికి ఎగువనున్న రంప కొండల్లో ముఠాదార్ల మీద ఒక మన్సబుదారు ఉండేవాడు. అక్కడివారికి జీలుగు కల్లు ఎండాకాలంలో ఆహారంతో సమానం. దాని మీద అతడు చిగురుపన్ను గుంజేవాడు. అబ్కారీ నిబంధనలు మారి, సొంత వాడకానికి కల్లు గీయడం కూడా గుత్తదారు దయ మీద ఆధారపడింది. దీనికి తోడు పోలీసుల జులుం, అప్పు పత్రాలు పట్టుకొని పశువులు తోలుకుపోయే మైదానపు వర్తకులు. 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. ఏప్రిల్‌లో గొలుగొండ కొండలకు, జూలైలో భద్రాచలానికి పాకింది. అణచడానికి పోలీసులు చాలక, ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు దిగవలసివచ్చింది. చివరకు ప్రభుత్వం మన్సబుదారును తొలగించి, ముఠాదార్లతో నేరుగా ఏర్పాటు చేసుకొన్నది. ఫిర్యాదులో నిజం ఉందని ఒప్పుకొన్నట్టే గదా!

అయినా 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. గీత గీసిన మేర రిజర్వు అడవి అయింది. పోడు కొట్టినా, పశువులను మేపినా, కట్టెలు తెచ్చినా నేరం కాగలిగింది. ఆపైన గూడెం కొండల్లో ఘాట్ రోడ్డు పని. తహశీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలికి బలవంతాన మనుషులను తోలేవాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మే 7న రాజు మరణించాడు. ఆయన అనుచరుడు గాం మల్లుదొర మాత్రం శిక్ష అనుభవించి బయటపడి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

వైద్యవృత్తిలో ఉన్న మాబోటివాళ్లకు ఈ కథలో మరో పాత్ర కనిపిస్తుంది: మలేరియా. మన్యపు జ్వరం మైదానపు సిపాయిలను పడకేసేది. కొండవారికి చిన్నప్పటినుంచీ వచ్చిపోయే జ్వరాలవల్ల కొంత నిబ్బరం అబ్బుతుంది. కొందరి రక్తంలో వంశపారంపర్యంగా ఉండే సికిల్ సెల్ లక్షణం కూడా కొంత కాపాడుతుంది. జ్వరం వారికి కోటగోడ లాంటిది. ఆ గోడ కూలింది. రోడ్లూ రైళ్లూ వచ్చాయి, 1953 తరువాత దేశమంతటా డి.డి.టి. చల్లారు. ప్రాణాలు నిలిపిన ఆ మందే కొండల మీద స్థిరపడాలనుకొన్న మైదానం వారికి దారి కూడా ఇచ్చింది.

ఇక ఆదిలాబాదు. అక్కడ గోండులు చాలాకాలం పట్టా లేకుండా, శివాయి జమాబందీ పద్ధతిని సాగుచేసుకొన్నారు. కొత్తగా వచ్చినవారు కచేరీకి వెళ్లి పట్టాలు రాయించుకొన్నారు. తరాలుగా దున్నినవాడు తన నేల మీద తానే పరాయివాడయ్యాడు. మరోపక్క రిజర్వు అడవుల పేరిట ఊళ్లు ఖాళీ చేయించారు. 1940లో కొమరం భీం తన మనుషులతో జోడేఘాట్ కొండ మీద నిలబడి, నిజాం పోలీసుల తుపాకులకు ఎర అయ్యాడు. గోండులు ఇప్పటికీ ఆశ్వయుజ పున్నమినాడు ఆయన్ను తలుచుకొంటారు.

ఆ తరువాత నిజాం ప్రభుత్వం కారణాలు తెలుసుకోమని ఒక మానవశాస్త్రజ్ఞుణ్ణి పంపింది. ఆయన వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1939లో యుద్ధం వచ్చేనాటికి శత్రుదేశపు పాస్‌పోర్టు ఉండడంవల్ల ఆయన హైదరాబాదు సంస్థానం దాటి పోలేకపోయాడు. ఆ నిర్బంధంలోనే చెంచులనూ, కొండరెడ్లనూ, గోండులనూ పరిశీలించాడు. గోండులకు పట్టాలు ఇవ్వాలని గట్టిగా చెప్పాడు, మార్లవాయిలో బడి పెట్టించాడు. తరువాత లండన్‌లో ఆచార్యుడయ్యాడు. ఆయనా, ఆయన భార్యా ఇప్పుడు మార్లవాయిలోనే పక్కపక్కన సమాధుల్లో ఉన్నారు.

చట్టాలకు కొదవ లేదు. మద్రాసు ఏజెన్సీలో 1917లోనే భూబదిలీ చట్టం, తరువాత 1959 రెగ్యులేషన్, దానికి 1970లో గట్టి సవరణ. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతపు భూములను గనుల కోసం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదన్నది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇన్నిసార్లు చట్టం చేయవలసివచ్చిందంటేనే ఒత్తిడి ఎక్కడినుంచి వస్తోందో తెలుస్తుంది. కల్లు గుత్తదారూ, వడ్డీ వర్తకుడూ, పట్టా రాయించుకొన్న ఆసామీ, వీరిలో తెల్లవారు లేరు. చాలామంది మన మైదానం వారే, మన భాష మాట్లాడేవారే. పిల్లలకు రాజు కథ చెప్పేటప్పుడు ఈ ముక్క వదిలేస్తే కథ సుఖంగా ఉంటుంది గాని పూర్తి కాదు.

పరాయిదేశంలో బతుకుతున్న మనకు కాగితం విలువ ఇంకొకరు చెప్పనక్కరలేదు. వీసా ముద్ర లేనివాడు కౌంటరు ముందు ఎలా నిలబడతాడో మనం ఎరుగుదుం. గోండు తన నేలను కత్తికి పోగొట్టుకోలేదు, కాగితానికి పోగొట్టుకొన్నాడు. 2006 చట్టం కింది నియమాలలో ఒక మంచి మాట ఉంది. కాగితం లేకపోయినా, ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకొని సాక్ష్యంగా తీసుకోవచ్చు. రంప తిరుగుబాటు నుంచి నూట ఇరవై ఏళ్లకు పైగా గడిచాక, కొండమీది ముసలివాడి జ్ఞాపకానికి కచేరీలో చోటు దొరికింది.