కడిగితేనే మంచినీరు: గ్యాస్ హైడ్రేట్ల ప్రస్థానం

మలేసియాలోని పెరాక్ రాష్ట్రం, సెరి ఇస్కందర్‌లో పెట్రోనాస్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. గ్యాస్ హైడ్రేట్లతో నీటిని శుద్ధి చేయడం మీద అక్కడి పరిశోధకులు భజన్ లాల్, సిరీష నల్లకుక్కల రాసిన పుస్తకం 2022లో వెలువడింది. జాతీయ చమురు సంస్థ పెట్రోనాస్ నెలకొల్పిన విద్యాలయం మంచినీటి వైపు ఎలా మళ్లిందో తెలియాలంటే రెండు శతాబ్దాల చరిత్ర తిరగేయాలి.

క్లోరిన్ కలిసిన నీరు సున్నా డిగ్రీలకు పైనే గడ్డకడుతుందని 1810 ప్రాంతంలో హంఫ్రీ డేవీ కనిపెట్టాడు. ఆ గడ్డలో ఏది ఎంత పాళ్లలో ఉందో 1823లో మైకేల్ ఫారడే లెక్కగట్టాడు. చల్లదనం, ఒత్తిడి తగుమాత్రం ఉంటే నీటి అణువులు గూళ్లలా అల్లుకుని గ్యాస్ అణువులను లోపల బంధిస్తాయి. ఇదే గ్యాస్ హైడ్రేట్. ఈ అల్లికలో ఉప్పు ఇమడదు, బయటే ఉండిపోతుంది. కానీ ఆ గుణాన్ని వాడుకోవాలన్న ఆలోచన రావడానికి చాలాకాలం పట్టింది. 1934లో హామర్‌ష్మిట్ అనే పరిశోధకుడు గ్యాస్ పైపులను మూసేస్తున్నది మంచు కాదు, హైడ్రేటేనని తేల్చాక చమురు పరిశ్రమ దాన్ని శత్రువుగానే చూసింది. 2007లో సబా తీరాన, సుమారు 1,300 మీటర్ల లోతున కికే క్షేత్రంలో చమురు తీయడం మొదలయ్యాక మలేసియాకూ ఈ బెడద ముఖ్యమైంది.

ఉప్పునీటిని మంచినీరు చేసే పరిశోధనల కోసం అమెరికా 1952లో చట్టం చేసింది. ఆ ఊపులోనే కాపర్స్ కంపెనీ ఇంజనీర్లు 1961లో ప్రొపేన్ హైడ్రేట్ పద్ధతిని ప్రకటించారు. సముద్రపు నీటిలోకి ప్రొపేన్ పంపితే స్ఫటికాలు ఏర్పడతాయి. వాటిని వేరుచేసి కరిగిస్తే మంచినీరు మిగులుతుంది, గ్యాస్ మళ్లీ పనికొస్తుంది. నార్త్ కరోలినాలోని రైట్స్‌విల్ బీచ్ కేంద్రంలో నమూనా యంత్రాలూ నడిపారు.

చిక్కంతా కడగడంలో వచ్చింది. స్ఫటికం లోపల ఉప్పు ఉండదు. అయితే స్ఫటికాలు మరీ సన్నగా ఉంటాయి కాబట్టి, తడి ఇసుకలో నీరు నిలిచినట్టు వాటి సందుల్లో చిక్కటి ఉప్పునీరు నిలిచిపోతుంది. అందుకే ఆ ముద్దను నిలువు గొట్టంలో కింది నుంచి పైకి నెడుతూ, పైనుంచి మంచినీరు చిలకరిస్తారు. దిగే నీరు ఉప్పును కడుక్కుంటూ పోతుంది. స్ఫటికాలు ఎంత సన్నవైతే నీరు దిగడం అంత కష్టం, తయారైన మంచినీటిలో కడగడానికే పోయే వాటా అంత ఎక్కువ. ఇంతలో లోబ్, శౌరిరాజన్ అనే పరిశోధకులు రూపొందించిన పొర పుణ్యమా అని, ఉప్పునీటిని పొర గుండా నెట్టి వడకట్టే రివర్స్ ఆస్మాసిస్ పుంజుకుంది. హైడ్రేట్ పద్ధతి వెనకబడింది.

2011లో కొరియా పరిశోధకులు కార్బన్ డయాక్సైడ్ హైడ్రేట్‌ను సందుల్లోని ఉప్పునీరు పోయేలా గట్టిగా అదిమి బిళ్లలుగా చేస్తే, ఒక్క దఫాలో లవణాలు 70–80 శాతం దాకా పోయాయి. వినడానికి గొప్పగానే ఉన్నా, సముద్రపు నీటిలో లీటరుకు ఉండే 35 గ్రాముల ఉప్పులో 80 శాతం తీసేసినా ఇంకా 7 గ్రాములు మిగులుతుంది. తాగేనీటిలో లీటరుకు ఒక గ్రాము దాటితేనే నాలుక ఒప్పుకోదు.

చల్లబరచడానికయ్యే కరెంటు మరో భారం. 2018లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు ద్రవ సహజవాయువు చలిని వాడుకునే ప్రణాళికను లెక్కించి చూపారు. ఆ వాయువు మైనస్ 162 డిగ్రీల దగ్గర ఉంటుంది. తిరిగి ఆవిరి చేసేటప్పుడు దాని చలి చాలావరకు వృథాగా పోతుంది. దాన్ని వాడుకుంటే వెయ్యి లీటర్ల మంచినీటికి 65 యూనిట్ల ఖర్చు ఒక యూనిట్ లోపుకు దిగుతుందని వారి అంచనా. రివర్స్ ఆస్మాసిస్‌కు మూడు నాలుగు యూనిట్లు పడతాయి. అయితే ఇది కాగితం మీది లెక్క.

ఈ లెక్కను పరీక్షించడానికి మలేసియా కంటే అనువైన చోటు అరుదు. హైడ్రేట్ల గుట్టు తెలిసిన పరిశోధకులు అక్కడున్నారు. మెలకాలోని సుంగై ఉదాంగ్‌లో 2013 నుంచి, జొహోర్‌లోని పెంగెరాంగ్‌లో 2017 నుంచి ద్రవ వాయువును ఆవిరి చేసే టెర్మినళ్లు ఉన్నాయి. ఎంత వానలు కురిసే దేశమైనా కరువు తప్పించుకోలేదు. 1991లో దురియన్ తుంగల్ జలాశయం ఎండిపోయి మెలకా ప్రజలు నీటికి కటకటలాడారు. అలాంటి తీరాన టెర్మినల్ పక్కనే ఒక చిన్న ప్లాంటు కట్టి, ముందుగా కడిగే అంచెనే పరీక్షించాలి. అది గట్టెక్కనంతవరకు ఈ పద్ధతి ప్రయోగశాల దాటి రాదు.